ఉద్దానం వచ్చి చెప్పండి ఆ మాట

వారంలో మూడోసారి వచ్చింది ఈ ఫార్వర్డ్ మెసేజ్. "హైదరాబాద్ నరకం, సొంతూరు స్వర్గం: ఏడు నిజాలు" అట. మొదట మా బరంపురం (ఒడిశా) స్కూలు గ్రూపులో, తర్వాత పెళ్ళిసంబంధాల గ్రూపులో, నిన్నేమో మా బావ. పంపినవాళ్ళలో సగంమంది ఆ నరకంలోనే ఈఎంఐలు కట్టుకుంటూ పంపుతున్నారు.

మొదటి మూడూ ట్రాఫిక్, పొగ, అద్దెలు. నిజమే, ఎవరు కాదన్నారు?

నాలుగోది, వానొస్తే సిటీ మునిగిపోతుందని. 2020 అక్టోబరులో మునిగింది కూడా. మరి మన అక్టోబర్ల మాటేమిటి? 2013లో ఫైలిన్ తుఫాను బరంపురం పక్కన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస దగ్గర. అప్పుడు రేకులు ఎగిరిపోయినవాళ్ళకి పంపండి ఈ మెసేజ్. కరెంటొచ్చాక చదువుకుంటారు.

ఐదు: "కష్టపడేవాడికి ఊళ్ళోనే పని దొరుకుతుంది, సిటీకి పోయేది ఆశపోతులే." బరంపురం స్టేషన్లో సూరత్ రైలు జనరల్ బోగీ ముందు నిలబడి ఈ ముక్క గట్టిగా చదవండి, చూద్దాం. మన గంజాం జిల్లా కుర్రాళ్ళు అక్కడ మరమగ్గాల దగ్గర పగలూ రాత్రీ నిలబడేది ఆశపోతుతనంతోనా? 2020 లాక్‌డౌన్‌లో శ్రామిక్ రైళ్ళెక్కి వేలమంది ఇంటికొచ్చారు. రైళ్ళు మళ్ళీ మొదలవగానే చాలామంది తిరిగి అటే పోయారు. స్వర్గంలో కూలి గిట్టలేదు కాబోలు.

నాకు ఒళ్ళు మండింది ఆరోదానికి. "పల్లె నీళ్ళు అమృతం. కిడ్నీ జబ్బులు సిటీవాళ్ళ సొత్తు. ఊళ్ళో ఉంటే డాక్టరుతో పనే లేదు."

ఇచ్ఛాపురం దాటి అరగంట బస్సులో వెళ్ళినవాడెవడూ ఈ మాట రాయడు. కవిటి, కంచిలి, సోంపేట, శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం అంటే ఇదే, ఏ వీధిలోనైనా అడగండి. చుట్టూ కొబ్బరి తోటలు, జీడి తోటలు. ఫ్లైఓవర్ లేదు, ట్రాఫిక్ లేదు. అయినా కిడ్నీలు పోతున్నాయి. దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతున్నా ఇదీ కారణమని గట్టిగా తేలలేదు. నీళ్ళు అమృతమే అయితే హిరమండలం రిజర్వాయరు నుంచి అంత దూరం పైపులెందుకు వేశారు? 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి ఎవరికోసం తెరిచారు, గచ్చిబౌలివాళ్ళకా?

మా మేనత్తది కవిటి దగ్గర పల్లె. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఎడమచేతి మీద, డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసినచోట ఉబ్బిన నరం మీద వేలు పెడితే లోపల తేనెటీగ తిరుగుతున్నట్టు జివ్వుమంటుంది. రోజంతా తాగాల్సిన నీళ్ళు పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పెట్టుకుంటుంది, మాత్రలు కూడా వాటితోనే. పెరట్లో తొమ్మిది కొబ్బరిచెట్లున్నాయి, బోండాం మాత్రం ముట్టకూడదు. పొటాషియం ఎక్కువట. ఈ జబ్బు మొదట్లో నొప్పి కూడా పెట్టదు. "ఊళ్ళో ఉన్నాం, మనకేంటి" అనుకున్నవాడు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షకి వెళ్ళడు. కాళ్ళు వాచాక వెళ్తాడు. అప్పటికి చాలావరకు అయిపోయి ఉంటుంది. ఈ మెసేజ్ కింద దండం బొమ్మ పెట్టడానికి మీకు పట్టేది ఒక్క క్షణం.

అన్నట్టు, నిన్న ఇది పంపిన బావ ఆవిడ కొడుకే. చదవకుండా పంపాడనే నా నమ్మకం.

ఏడు: "సిటీలో పలకరించే దిక్కుండదు." దీన్నీ ఏకుదామనే కూర్చున్నాను. చెయ్యాడలేదు. పోయినేడాది బావ మా మేనత్తని హైదరాబాద్ కూకట్‌పల్లి తీసుకెళ్ళాడు. ఫ్లాటుకి రెండు వీధుల అవతలే డయాలసిస్ సెంటరు. ఏసీ, టీవీ, టైముకి డాక్టరు. ఇక్కడిలా తెల్లవారుజామున ఆటోకోసం రోడ్డు మీద నిలబడక్కర్లేదు. మూడో నెలలో రైలెక్కి వచ్చేసింది. నేను కేకలేశాను.

"అక్కడ నాలుగు గంటలూ పక్క మంచమ్మీద ఎవరో తెలీదురా అల్లుడూ" అంది. "ఇక్కడ ఆటోలో ఐదుగురం వెళ్తాం. ఒకరు రాకపోతే, ఎందుకు రాలేదో అందరికీ తెలుస్తుంది."