అంగుళం సెన్సార్

మా మామయ్య పాతికేళ్లుగా చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. ఏటా సెప్టెంబరులో ఇటలీలోని వెరోనాలో మార్మొమాక్ అని రాళ్ల ఎగ్జిబిషన్ జరుగుతుంది. ఈసారి ఓనరుకి మోకాళ్లు పట్టేసి, మామయ్యని పొమ్మన్నాడు. కెమెరా కొనుక్కోమని ఇరవై వేలు చేతిలో పెట్టి, "ఫోన్ ఫొటోలు నాకొద్దయ్యా, అది నల్లరాయికి గూడా పౌడరు పూస్తది" అన్నాడంట.

ఆదివారం ఒంగోల్లో వాళ్లింటికి భోజనానికి పోయేసరికి, మా మేనత్త చేపల పులుసు దాక పక్కన పెట్టుకుని, గరిటె చేతిలో పట్టుకుని, వడ్డించకుండా కూర్చుని ఉంది. మామయ్య ముందు ఒట్టి అన్నం.

"రా అబ్బాయ్. మీ మామయ్య ఇటలీ పోయి ఏం ఫొటోలు తీస్తాడో అడుగు."

"ఏం ఫొటోలత్తా?"

"పెద్ద సెన్సార్ కావాల్సిన ఫొటోలంట."

"ఒరే, నువ్వన్నా చెప్పరా దీనికి. పొద్దుట్నుంచీ ఇదే గోల."

"నా చెవుల్తో విన్నా గదా! ఎవురికో ఫోన్లో చెప్తన్నాడు. 'సెన్సార్ పెద్దదుండాలన్నా. మామూలుది చాలదు. లోపల చీకటిగా ఉంటది, రాత్రిళ్లు గూడా తియ్యాలి' అని. యాభై ఆరేళ్లొచ్చినై. పిల్ల పెళ్లయింది."

"అది ఆ సెన్సార్ కాదే. కెమెరా లోపల చిప్పు. వెల్తురు దాని మీద పడుద్ది. పాత కెమెరాల్లో రీలుండేది చూడు, ఇప్పుడు దాని బదులు ఇది."

"రీలుంటేనే గదయ్యా సెన్సారు కావాల్సింది."

మామయ్య అన్నం ముద్ద చేసి, పులుసు లేదని గుర్తొచ్చి మళ్లీ చిదిపాడు.

"విను. అది పెద్దదయితే వెల్తురు ఎక్కువ పట్టుద్ది. చిన్నదయితే చీకట్లో తీసిన ఫొటోలో మచ్చలు మచ్చలు వస్తయ్."

"వస్తయ్. మచ్చ పెట్టటమే గదా సెన్సారోళ్ల ఉద్యోగం."

"అబ్బబ్బా! ఆ మచ్చ కాదు!"

"సరే, ఎంత పెద్దది కావాలంట తమరికి?"

"అంగుళం సెన్సార్."

"అంగుళం చాల్తదా? మీరు పోయే ఊరికి గజం గావాల. పక్కింటి టీచరమ్మ చెప్పింది. ఆ ఊళ్లో జూలియెట్ అని కంచు బొమ్మ ఉందంట గదా. పొయినోళ్లందరూ రొమ్ము మీద చెయ్యేసి ఫొటో దిగుతారంట, అదృష్టం కలిసొస్తదని."

మామయ్యకి ఒట్టి అన్నానికే పొలమారింది. నేను నీళ్లందించా. ఆ బొమ్మ సంగతి అబద్ధం కాదు. జనం తాకీ తాకీ ఆ చోటు మెరుగెక్కి మెరుస్తా ఉంటది. కానీ ఆ మాట నేను అప్పుడంటే నాకూ పులుసు రాదు.

"నేను రాళ్లు చూట్టానికి పోతన్నా!"

"కంచు గూడా గట్టిదే."

ఇక లాభం లేదని మామయ్య లేచి, అలమర్లోంచి చిన్న కెమెరా తెచ్చి బల్ల మీద పెట్టాడు. కర్నూలు రోడ్డులో స్టూడియో ఆయన చూసుకోమని ఇచ్చాడంట. సోనీ ఆర్ఎక్స్100, పాతది. 2012లో వచ్చిన మోడలు. బ్యాటరీతో కలిపి 240 గ్రాములు, చొక్కా జేబులో పట్టేస్తది. ఫోన్లొచ్చాక ఇట్లాంటి చిన్న కెమెరాలు కొట్లలో కనపడటమే తగ్గిపోయింది. దొరికినా ఎక్కువగా ఇట్టా చేతులు మారినవే.

అత్తయ్య చెయ్యి కొంగుకి తుడుచుకుని, దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, మామిడికాయని చూసినట్టు నాలుగు పక్కలా చూసింది. పైన ఉన్న చక్రం దగ్గర ఆగింది.

"ఇదేందయ్యా?"

"ఏది?"

"'ఎ' అని రాసుంది."

"అది అపర్చర్ అని..."

"పెద్దలకు మాత్రమే! అబ్బాయ్, చూశావా? ముందే సర్టిఫికెట్ ఇచ్చి పంపించారు. పక్కన పి ఉంది, ఎస్ ఉంది, ఎం ఉంది. యు ఏదీ? యూఏ ఏదీ? ఇప్పుడు యూఏలోనే 7, 13, 16 అని మూడు రకాలు పెట్టారు. ఒక్కటన్నా ఉందా దీంట్లో?"

"ఓరి దేవుడా. పోనీ నీకు నచ్చినట్టే ఆ ట్రంకు రోడ్డు కొట్లో చెప్పిన పదివేలది కొంటా. దాన్లో సెన్సార్ ఆరు మిల్లీమీటర్లు. కందిబద్దంత. సరేనా?"

"దానికి జూమ్ ఎక్కువన్నాడు గదా?"

"ఆప్టికల్ అయితే అద్దం జరుగుద్ది, అది నిజం జూమ్. ఆ పైన వాడు చెప్పే డిజిటల్ అంతా ఉన్న బొమ్మని సాగదియ్యటమే. మొన్న చుట్టాలొస్తే నువ్వు పులుసులో నీళ్లు కలిపినట్టు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. దాక ఇంకో జానెడు అవతలికి జరిగింది.

"నా పులుసులో నీళ్లు! కలిపింది ఎవురి చుట్టాలొచ్చినప్పుడంట? సర్లే, ఆ అంగుళం సంగతి చెప్పండి. కొలిచారా?"

"నిజానికి అంగుళం ఉండదు. వెడల్పు 13.2 మిల్లీమీటర్లు, ఎత్తు 8.8."

"అంగుళమంటే 25.4 గదా?"

"పాతకాలం టీవీ కెమెరాల్లో గాజు గొట్టాలుండేవి. ఆ గొట్టం లావుని బట్టి పెట్టిన పేరు అట్టా ఉండిపోయింది."

"గొట్టం పోయింది, అంగుళం పోయింది, పేరు మిగిలింది. మీ తాత మోతుబరితనం మాదిరి."

"మా తాత జోలికి రాబాక!"

"మీరు రెండు సెంటీమీటర్ల పలకని చెప్పి ఒక సెంటీమీటరుది పంపితే ఏం జేస్తారు?"

"కంటెయినర్ తిప్పి కొడతారు."

"మరి వీణ్ణి ఎవురూ తిప్పి కొట్టరా?"

మామయ్య జవాబు కోసం నా వైపు చూశాడు. నేను కెమెరా వైపు చూశా.

"నా బాధ అది కాదే. గెలాక్సీ రాయికి పాలిష్ పడితే అద్దం. ఆ నలుపులో బంగారు చుక్కలు విడివిడిగా కనపడాల. ఫోన్లో తీస్తే అన్నీ అలికినట్టుంటయ్."

చీమకుర్తి రాయికి పేరు తెచ్చింది ఆ చుక్కలే. బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. కానీ ఎండలో పలకని కొంచెం వాల్చి చూస్తే బంగారమనే అనిపిస్తది.

"పోయిన నెల ఫోన్లో తీసి పంపారు గదా, దాంట్లో చుక్కలు కనపడినయ్యా?"

"లేదు."

"ఏం కనపడింది?"

మామయ్య మాట్లాడలా.

"చెప్పండి, మేనల్లుడేగా. పలకలో మీ బనీను, మీ బొజ్జ, బొజ్జ మీద ఫోను. అట్టాగే పంపించాడబ్బాయ్ పార్టీకి! సెన్సారు గావాల్సింది అప్పుడు!"

నేను నవ్వా. మామయ్య కూడా నవ్వాపుకోలేక మొహం అటు తిప్పుకున్నాడు. అదే అదను అనుకుని గిన్నె చాపాడు.

"ఎంతంట అది?"

"ఇరవై నాలుగు చెప్పాడు. ఓనరిచ్చింది ఇరవై. నాలుగు నేనేసుకోవాల."

అత్తయ్య గరిటె కింద పెట్టి ఆయన ఫోన్ లాక్కుంది. స్టూడియో ఆయనకి చేసి స్పీకర్లో పెట్టింది.

"అన్నా, నేను. ఆ కెమెరా గురించి. ఏందన్నా, సెన్సార్ అంగుళమని చెప్పావంట? 13.2 మిల్లీమీటర్లు గదా ఉంది. అరంగుళం సరుకిచ్చి అంగుళం డబ్బులు ఎట్టా తీసుకుంటావు? ఆఁ... గొట్టం సంగతి నాకు తెలుసులే. ఇప్పుడు గొట్టం ఇస్తావా? ఇవ్వవు గదా. ఇరవై చేసుకో. ఇంకో బ్యాటరీ గూడా పెట్టు. ఆయన మతిమరుపు మనిషి, ఛార్జింగు పెట్టుకోడు."

అవతల కాసేపు చప్పుడు లేదు. "సర్లేమ్మా" అని వినపడింది.

మామయ్య నోరు తెరిచి చూస్తన్నాడు. "అంటే... నీకు పొద్దుట్నుంచీ తెలుసా, ఏం సెన్సారో?"

ఆమె జవాబియ్యలా. లోపలికి పోయి రెండు చిన్న సంచులు తెచ్చి బల్ల మీద పడేసింది. పాత పట్టు జాకెట్టు గుడ్డ, లోపల దూది, మూతికి తాడు. ఒకటి సరిగ్గా ఆ కెమెరా కొలతకే ఉంది.

"రెండోది బ్యాటరీకి. సూట్‌కేసులో పెట్టబాకండి, విడి బ్యాటరీలు చేతి బ్యాగులోనే ఉండాలంట. విమానంలో పట్టుకుంటారు."

"ఎప్పుడు కుట్టావే?"

"మీరు రాత్రిళ్లు పెద్ద సెన్సార్ కోసం ఫోన్లు చేసేటప్పుడు."

దాక దగ్గరికి లాగి, కొరమీను తలకాయ ముక్క ఆయన పళ్లెంలో వేసింది. నాకు తోక.

"ముల్లు చూసుకోండి. ఇంకోమాట. ఆ బొమ్మ దగ్గరికి పోతే ఫొటో 'యు'లో తియ్యండి."

"దాంట్లో 'యు' లేదు గదే."

"లేదు గదా? అయితే పోబాకండి."