నలభై ఎకరాలు నావే, జింకలు నావి కావు

మొన్న వాట్సాప్ గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, మీకు విస్కాన్సిన్‌లో వేటకు భూమి ఉందట కదా. నేనూ ఒక ముప్పై ఎకరాలు చూసి పెట్టాను. ఏం విత్తనం చల్లితే పెద్ద కొమ్ముల జింకలు వస్తాయి?" రెండు ముక్కల్లో జవాబు రాద్దామని కూర్చున్నాను, కడుపులో ఉన్నదంతా ఇలా బయటికొచ్చింది. పోస్టు పెద్దది, ఓపిక ఉన్నవాళ్ళే చదవండి.

ముందు భూమి లెక్క. మనకు సర్వే నంబర్లున్నట్టే ఇక్కడ అమెరికాలో సెక్షన్లు. మైలు పొడవు, మైలు వెడల్పు, మొత్తం 640 ఎకరాలు ఒక సెక్షన్. దాన్ని నాలుగు చేసి, అందులో ఒకదాన్ని మళ్ళీ నాలుగు చేస్తే మిగిలే ముక్క నలభై. నాది అదే. రాష్ట్రం నైరుతి మూల, గుట్టలూ లోయలూ ఉన్న చోట. ఇక్కడి తెల్లతోక జింక, అదే వైట్‌టెయిల్, ఏడాది పొడవునా తిరిగే మేర ఇంచుమించు ఒక సెక్షన్ ఉంటుంది. ఆడజింకలు ఇంకొంచెం తక్కువలో సర్దుకుంటాయి, మగవి నవంబరులో జత కోసం ఆ మేర కూడా దాటిపోతాయి. అంటే నా భూమి మొత్తం కలిపినా ఒక్క జింక ఇంట్లో ఒక గది. ఆ గదికి ఫ్యాను బిగించి, మంచం వేసి, ఇల్లంతా నాదే అనుకున్నాను మొదటి ఏడాది.

ఆ ఏడాది చేసిన ఖర్చు మా ఇంటావిడకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. పాత ట్రాక్టరు, విత్తనాలు, సున్నం, జింక కదిలితే వాటంతట అవే ఫోటో తీసే నాలుగు కెమెరాలు, రెండు మంచెలు. ఇక్కడ వీటిని ట్రీ స్టాండ్ అంటారు కానీ నాకు మంచె అన్న మాటే వస్తుంది. చిన్నప్పుడు జొన్న చేలో మంచెక్కి ఒడిసెలతో పిట్టల్ని తోలినవాణ్ణి మరి. ఇంతా చేస్తే వేట సీజన్ మొత్తానికి దక్కింది ఒక ఆడజింక. కిలోకి ఎంత పడిందో లెక్కేస్తే బంగారం కొట్టువాడు కూడా నవ్వుతాడు. అమ్ముకుందామన్నా కుదరదు, అడవి జింక మాంసం అమ్మడం ఇక్కడ నేరం.

మా నాయనకు ఫోనులో చెప్పాను, అరెకరంలో జింకల కోసం క్లోవర్ అనే మేత మొక్క వేశానని. కాసేపు మాట లేదు. తర్వాత, "ఏందిరా, జింకలకు పంట ఏస్తాండావా? ఈడ మేము జింకలు రాకుండా రేతిరంతా కాపలా కాస్తాంటే!" అన్నాడు. మాది కర్నూలు వైపు, రోళ్ళపాడుకు దగ్గర. అక్కడ 1988లో బట్టమేక పిట్ట కోసమని అభయారణ్యం పెట్టారు. పిట్ట కనుమరుగైపోతూ వచ్చింది, కృష్ణజింకలు మాత్రం మందలు మందలుగా పెరిగి బుడ్డల చేలమీద పడ్డాయి. చంపితే 1972 వన్యప్రాణి చట్టం కింద జైలు, చంపకపోతే చేను ఖాళీ. మా నాయన దృష్టిలో జింకంటే అప్పు. నేను ఆ అప్పును పిలిచి మరీ భోజనం పెడుతున్నాను.

ఆ మాట గుచ్చుకుంది కానీ అందులో ఒక విషయం బోధపడింది. జింకకు తిండి పెట్టడం గొప్ప పనేమీ కాదు. మా చుట్టూ వందల ఎకరాల మొక్కజొన్న, సోయా. ఒక్కో జింక రోజుకు మూడు కిలోల దాకా మేస్తుంది. నా అరెకరం క్లోవర్ వాటికి భోజనం తర్వాత వేసుకునే కిళ్ళీ లాంటిది. అది కూడా సెప్టెంబరు దాకానే. వైట్ ఓక్ చెట్ల కాయలు రాలడం మొదలయ్యాక నా క్లోవర్ మొహం చూసిన జింక లేదు. ఆ కాయల్లో వగరు తక్కువ, రెడ్ ఓక్ కాయలు పక్కనే పడి ఉన్నా ముందు వీటినే ఏరుకుని తింటాయి. నేను డబ్బు పెట్టి మంచె కట్టింది క్లోవర్ ఒడ్డున. అవి తింటున్నది యాభై గజాల అవతల, ఎవరూ నాటని చెట్టు కింద.

క్లోవర్ వద్దని కాదు. వేసేవాళ్ళు ముందు మట్టి పరీక్ష చేయించండి, విత్తనాల సంచి మీద కొమ్ముల బొమ్మ చూసి కొనకండి. నా గుట్టమీద మట్టి పీహెచ్ ఐదున్నర కూడా లేదు, అంటే ఆమ్లం ఎక్కువ. అలాంటి నేలలో ఎంత ఖరీదైన విత్తనం చల్లినా పచ్చగా మొలిచి పసుప్పచ్చగా చస్తుంది. ముందు సున్నం వేయాలి, అది పనిచేయడానికి నెలలు పడుతుంది. ఆ తర్వాత మార్చిలో, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో, నేలమీద ఊరికే చల్లితే చాలు. పగుళ్ళు తెరుచుకుంటూ మూసుకుంటూ విత్తనాన్ని అవే లోపలికి లాక్కుంటాయి. దుక్కి అక్కర్లేదు, ట్రాక్టరూ అక్కర్లేదు. ఇది తెలిసేనాటికి ట్రాక్టరు కొనేశాను. మన జనుము, పిల్లిపెసరలాగే క్లోవర్ కూడా గాలిలోని నత్రజనిని నేలకిస్తుంది కాబట్టి యూరియా ఖర్చయినా తప్పింది.

అసలు పని తిండి దగ్గర లేదు, చాటు దగ్గర ఉంది. జింక పగలంతా పడుకుని నెమరు వేస్తుంది. దానికి కావలసింది తల ఎత్తినా కనపడనంత గుబురు, వీపుకు గాలి, చలికాలంలో ఎండ పడే దక్షిణపు వాలు. నా అడవిలో అవేవీ లేవు. పైన మేపుల్ చెట్లు గొడుగులు పట్టాయి, కింద నేల ఊడ్చినట్టుంది. మర్రిచెట్టు కింద మరో మొక్క మొలవదన్నట్టే. రాష్ట్రం తరఫున ఫారెస్టర్ వచ్చి పైసా తీసుకోకుండా భూమంతా తిరిగి చూసి చెబుతారు. నేను రెండేళ్ళు ఆలస్యంగా పిలిచాను. ఆయన ఓక్ చెట్లకు అడ్డొస్తున్న మేపుల్స్‌ని చూపించి, వీటిని తీసేయ్, ఎండ కిందికి దిగనీ అన్నాడు. అంతే. మరుసటి వేసవికల్లా నడుమెత్తు పొదలు. బ్లాక్‌బెర్రీ ముళ్ళు నా ప్యాంటు చింపినప్పుడల్లా సంతోషం వేసింది.

చెట్టును ముప్పాతిక వంతు కోసి పూర్తిగా తెగకుండా వంచేసే పద్ధతి ఒకటుంది, హింజ్ కటింగ్ అంటారు. పడిన చెట్టు బతికే ఉండి జింక నోటికందే ఎత్తులో చిగుళ్ళు వేస్తుంది. వీడియోల్లో చూడ్డానికి బావుంటుంది. నేను కోసిన మూడో చెట్టే మధ్యకు చీలి, వెనక్కి తన్ని, నా భుజం పక్కనుంచి పోయింది. రంపం అలవాటు లేనివాళ్ళు దాని జోలికి పోవద్దు.

ఇక ఎవరికీ నచ్చని మాట. నా నలభై ఎకరాల్లో నేను చేసిన అన్నిటికన్నా మంచి పని, అందులో నడవడం మానేయడం. మొదటి ఏడాది ప్రతి శనివారం వెళ్ళేవాణ్ణి. కెమెరా కార్డు మార్చడానికి ఒకసారి, కొమ్మ కొట్టడానికి ఒకసారి, ఊరికే చూసి రావడానికి ఇంకోసారి. ఫోటోల్లో జింకలు మొదట సాయంత్రం కనపడేవి, తర్వాత రాత్రి పదికి, తర్వాత రెండింటికి. నేను వాటిని వేటాడలేదు, వాటికి డ్యూటీ టైములు మార్చాను. ఇప్పుడు ఉత్తరం వైపు పదిహేను ఎకరాల్లోకి ఆగస్టు నుంచి సీజన్ అయ్యేదాకా కాలు పెట్టను. దెబ్బ తగిలిన జింక అటు పరిగెడితే తప్ప. భూమి కొనుక్కుని అందులో నడవొద్దంటావేమిటని మా బావమరిది అడిగాడు. దేవుడి గది కూడా మనమే కట్టించుకుంటాం కదా బావా, చెప్పులేసుకుని తిరుగుతామా అన్నాను.

గాలి గురించి రెండు మాటలు. జింకకు నారింజ రంగు సరిగా కనపడదు, అందుకే మనం ఆ రంగు వేసుకుని చెట్టులా కదలకుండా కూర్చోవచ్చు. ముక్కును మాత్రం మోసం చేయలేం. గుట్టల్లో ఇంకో చిక్కు ఉంది. పొద్దున ఎండెక్కుతుంటే గాలి పైకి పాకుతుంది, సాయంత్రం చల్లబడ్డాక నీళ్ళలా పల్లానికి పారుతుంది. నా మంచె క్లోవర్ మడికి ఎగువన ఉంది. రోజూ సాయంత్రం నా వాసన నేనే కాలువ తీసి మడికి పారించుకున్నాను. రైతుబిడ్డనై ఉండి ఇది తట్టడానికి రెండు సీజన్లు పట్టింది, సిగ్గుచేటు.

ఇప్పుడు కొమ్ముల పిచ్చి గురించి. ఇక్కడ వేటగాళ్ళు కెమెరాలో పడ్డ పెద్ద మగజింకకు పేరు పెట్టుకుంటారు. నా కెమెరాలో పది మొనల కొమ్ములవాడు ఒకడు పడ్డాడు. మారీచుడని పేరు పెట్టాను. ఆ పేరు పెట్టినప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది. వాడి కోసం ఎదురుచూస్తూ ఆ సీజన్లో మంచె కిందికి వచ్చిన ఐదు ఆడజింకల్ని వదిలేశాను. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులు సాగే తుపాకి సీజన్లో, రెండో రోజే, రెండు మైళ్ళ అవతల ఇంకెవరో వాణ్ణి కొట్టారు. తన భూమిలో, తన లైసెన్సుతో, నిక్షేపంగా. ఫోటో చూసి మిత్రులు "మీ జింకను కొట్టేశారు కదా" అని పరామర్శించారు. నాకూ అలాగే మండింది, దాచుకోను. నేను వేసిన మేత తిని పక్కవాడి గోడెక్కాడే అని.

మేత నాదే, జింక ఎప్పుడూ నాది కాదు. ఈ దేశంలో అడవి జంతువు భూమి యజమానిది కాదు, జనం తరఫున రాష్ట్రం చేతిలో ఉంటుంది. 1900 ప్రాంతానికి దేశం మొత్తంలో ఈ జింకలు ఐదు లక్షల లోపుకు పడిపోయాయి, మాంసం కోసం అమ్ముకుని తిన్నారు. ఇప్పుడు మూడు కోట్ల దాకా ఉన్నాయంటే కారణం నా లాంటివాడి అరెకరం క్లోవర్ కాదు. అమ్మకం ఆపిన చట్టాలు, సీజన్లు, లైసెన్సులు, తుపాకుల మీద, తూటాల మీద వేసే పన్నును వన్యప్రాణుల కోసమే ఖర్చు పెట్టాలన్న 1937 నాటి చట్టం.

మారీచుడి కథ అక్కడితో అయిపోలేదు. మా వైపు జింకల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ ఉంది. మెదడు దెబ్బతిని, ఒళ్ళు శుష్కించి చచ్చే రోగం, మందు లేదు. విస్కాన్సిన్‌లో 2002లో బయటపడింది. మా చుట్టుపక్కల కొన్ని చోట్ల పెద్ద మగజింకల్లో సగం దాకా దీని బారిన పడుతున్నాయి. మనుషులకు సోకినట్టు ఇప్పటిదాకా దాఖలా లేదు కానీ, రోగం తేలిన మాంసం తినొద్దని వైద్యాధికారులు చెబుతారు. తల ఇస్తే పరీక్ష ఉచితం. వాడి తల పరీక్షకు వెళ్ళింది, పాజిటివ్ వచ్చింది. కొమ్ములు ఎవరి గోడమీదో ఉన్నాయి, మాంసం చెత్తలోకి పోయింది.

అందుకే మొక్కజొన్న కుప్పలు పోసే పెద్దమనుషుల మీద నాకు కోపం. మా కౌంటీలో ఎర వేయడం నిషేధం, ఉప్పు రాళ్ళు కూడా పెట్టకూడదు. ఒకే కుప్పలో ఇరవై జింకలు మూతులు పెడితే చొంగతో రోగం పంచుకున్నట్టే. ఈ రోగాన్ని తెచ్చే విషపు ప్రోటీన్ మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటుంది. మా సరిహద్దు అవతల ఒకాయన బస్తాలు బస్తాలు పోస్తాడు. అడిగితే, నా భూమి నా ఇష్టం అన్నాడు. అదే జింక రేపు నా భూమిలో చొంగ కారుస్తుందయ్యా అంటే తలుపు వేసుకున్నాడు.

ఇక ఆడజింకల సంగతి. తిండి బాగా ఉన్నచోట పెద్ద ఆడజింక ఏటా రెండు పిల్లల్ని ఈనుతుంది. తోడేళ్ళు లేని ఈ పొలాల్లో వాటిని తగ్గించేది మనం, కార్లు, రోగం. నేను ఐదింటిని వదిలేసిన మరుసటి ఏడాది, ఎండ కోసం అంత కష్టపడి చెట్లు కొట్టిన చోట మొలిచిన ఓక్ మొక్కలన్నీ మొదలంటా కొరికి పెట్టాయి. కంచె కట్టిన నాలుగే మిగిలాయి. ఇదేమీ కొత్త విషయం కాదు. పక్క సాక్ కౌంటీలో ప్రకృతి పరిరక్షణ గురించి రాసిన ఆల్డో లియోపోల్డ్ 1935లో ఒక సారం పోయిన ఇసుక పొలం కొని, కుటుంబమంతా కలిసి వేల పైన్ చెట్లు నాటాడు. 1940ల్లో ఆయన రాష్ట్ర కన్జర్వేషన్ కమిషన్‌లో ఉన్నప్పుడు, ఆడజింకల్ని కూడా కొట్టాలి, లేకపోతే అడవి మిగలదు అని చెప్పి జనంతో తిట్లు తిన్నాడు. ఇప్పటికీ మా ఊరి బార్‌లో ఆ మాట అంటే సగం మంది మొహాలు మాడ్చుకుంటారు. మా కౌంటీలో లైసెన్సుతో పాటే ఆడజింక పర్మిట్లు ఒకటికి మించి ఇస్తారు. చాలామంది అవి జేబులో పెట్టుకునే తిరిగి, కొమ్ములు కనపడలేదని ఖాళీ చేతులతో ఇంటికెళతారు.

మనవాళ్ళలో కొందరు "పాపం కదండీ, నోరులేని జీవం" అంటారు. నిజంగా శాకాహారులైతే దండం పెట్టి ఊరుకుంటాను. శుక్రవారం రాత్రి మటన్ బిర్యానీ ఆర్డరిచ్చి, శనివారం నాకు నీతి చెప్పేవాళ్ళతోనే పేచీ. ఇంకో రకం ఉన్నారు, ఒక్కసారి తుపాకి పట్టుకుని ఫోటో దిగి పోతామంటారు. 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళెవరైనా ఇక్కడ మామూలుగా హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాల్సిందే. అది చేసి రండి, మాట్లాడుకుందాం.

తమ్ముడూ, ముప్పై ఎకరాలు కొనాలంటే కొను. కొనేముందు సరిహద్దుల్లో ఉన్న నాలుగు ఇళ్ళ తలుపులు తట్టు, వాళ్ళు ఏం కొడతారో, ఏం వదిలేస్తారో అడుగు. మట్టి కంటే ముందు చేయాల్సిన పరీక్ష అది. నేను చేయలేదు. ఇప్పుడు ఉత్తరం వైపు ఉన్న పాడి రైతుతో ఒప్పందం ఉంది. ఇద్దరం ఏడాదిన్నర మగపిల్లల్ని వదిలేస్తాం, ఆడవాటిని కొడతాం, పరీక్షలో నెగటివ్ వచ్చిందే వండుకుంటాం. ఆయనకు మా ఇంటావిడ చేసే జింక వేపుడు ఇష్టం, మిరియాలు మాత్రం తగ్గించమంటాడు.

ఈ నవంబరులో వస్తానంటే రా. రెండో మంచె ఖాళీగానే ఉంది, పడిపోకుండా భుజాలకూ తొడలకూ కలిపి కట్టుకునే బెల్టు నేనిస్తాను, అది కట్టుకోకుండా నిచ్చెన ఎక్కనివ్వను. సెంటు పూసుకుని రావద్దు. కొమ్ములున్నది వస్తే నన్ను అడిగి కొట్టు, లేనిది వస్తే అడగక్కర్లేదు. ఉత్తరం వైపు పదిహేను ఎకరాల్లో ఏముందని మాత్రం అడగొద్దు, ఆగస్టు నుంచి నేనూ చూడలేదు.