గుడుంబా బట్టీ ఆరింది, ఒక్క జీతం ఊరు మాత్రం అలాగే ఉంది

బొగ్గు గనుల ఊళ్లుండే కోల్‌బెల్ట్‌లో గుడుంబా గురించి పేపర్లో వార్త వస్తే ఫోటో ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుంది. నేల మీద పారబోసిన బెల్లం పానకం, దాని పక్కన ఎక్సైజ్ సిబ్బంది, కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్న ఒక ఆడమనిషి. ఆమె అక్కడిదాకా ఎందుకొచ్చిందో వార్తలో ఉండదు. సింగరేణి బొగ్గు కంపెనీ ఊళ్లలో ఈ దొంగసారాను ఇన్నేళ్లూ నేరమనో, అలవాటనో లెక్క కట్టాం. నేను దాన్ని ఇంకోలా చూస్తాను. ఆడవాళ్లకు పని ఇవ్వని ఊళ్లో ఆడవాళ్లు వెతుక్కున్న పని అది.

నేను పెరిగింది బెల్లంపల్లి వైపు ఒక కార్మికవాడలో. సాయంత్రమైతే వాడంతా పొగే. ప్రతి వాకిట్లో బొగ్గు పొయ్యి రాజుకునేది. ఆ పొగలో ఎవరి పెరట్లో బట్టీ కాలుతోందో వెతికి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. మా వరుస చివర ఒక అవ్వ ఉండేది. ఆమె భర్త కంట్రాక్టు కింద పనిచేస్తూ పోయాడు కాబట్టి కంపెనీ ఉద్యోగం రాలేదు. నల్లబెల్లం, పటిక, నవసారం కుండలో వేసి పులియబెట్టేది. దిగిన సారాను చెంచాలో పోసి అగ్గిపుల్ల గీసేది. మంట నీలంగా లేస్తే సరుకు మంచిదన్నట్టు. అప్పులన్నీ ఇంటి గోడ మీద బొగ్గు గీతలే. ఒక్కో మనిషికి ఒక్కో వరుస. జీతాల రోజు తడిగుడ్డతో కొన్ని వరుసలు తుడిచేది, మర్నాడే మళ్లీ గీతలు మొదలయ్యేవి. వాటితోనే కూతురిని డిగ్రీ దాకా చదివించింది.

ఆ గోడను చూస్తే గని ఊరి ఆర్థికమంతా అర్థమవుతుంది. డబ్బు నెలకోసారి వస్తుంది, అదీ మగవాడి చేతికే. దాన్ని ఆడవాళ్ల వైపు తిప్పే దారులు రెండో మూడో ఉంటాయి. చీటీ, వడ్డీ, సారా. వ్యవసాయం ఉన్న ఊళ్లో అయితే నాట్లు, కలుపు, పత్తి ఏరడం ఉంటాయి. బొగ్గు ఊళ్లో పొలాలు గనుల కిందికి పోయాయి. గనిలోకి దిగుదామంటే 1952 నాటి గనుల చట్టం 46వ సెక్షన్ ఆడవాళ్లను భూగర్భంలోకి రానివ్వలేదు. ఉపరితలంలో పనైనా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకే. భర్త పోయాక కొందరికి స్వీపరో, ఆయానో అయ్యే అవకాశం వచ్చింది. మిగతావాళ్ల సంగతి ఎవరికీ పట్టలేదు. ఊరు మొత్తాన్ని ఒక్క జీతం మీద నిలబెట్టి, ఆ జీతానికి సగం జనాభాను దూరంగా ఉంచి, తర్వాత వాళ్ల పెరట్లో కుండలు పగలగొట్టాం.

సారా ప్యాకెట్లను వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే అమ్మిన రోజులు, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు లేపిన సారా వ్యతిరేక పోరాటం, 1993 అక్టోబర్ 1న సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత, ఇవన్నీ పాఠకులకు తెలిసినవే.

సారా వ్యతిరేక పోరాటం చేసింది కూడా ఆడవాళ్లే కదా అని అడుగుతారు. నిజమే. గుడుంబా ఎన్ని కాలేయాలను తినేసిందో, ఎన్ని ఇళ్లలో పసుపుతాళ్లు తెంపిందో నేనూ చూశాను. ఆ పోరాటాన్ని తక్కువ చేయను. కానీ నిషేధం గట్టిగా పెడితే చాలన్న వాదనకు మన పక్కనే ఉన్న బొగ్గు జిల్లా చంద్రాపూర్ జవాబు చెప్పింది. అక్కడ మహిళల ఉద్యమం తర్వాత 2015 ఏప్రిల్ 1 నుంచి నిషేధం పెట్టారు, 2021లో ఎత్తేశారు. ఎత్తేస్తూ మహారాష్ట్ర ప్రభుత్వం చెప్పిన కారణాల్లో ఒకటి, దొంగ వ్యాపారంలోకి ఆడవాళ్లు, పిల్లలు దిగుతున్నారని. వాళ్లే ఎందుకు దిగారో ఆలోచించాలి కదా!

మన దగ్గర తెలంగాణ వచ్చాక గుడుంబా మీద దాడులు పెరిగాయి. మానేసినవాళ్లకు పునరావాసం కింద 2 లక్షల చొప్పున సాయం ప్రకటించారు. ఆలోచన మంచిదే. కానీ ఆ డబ్బుతో కిరాణా కొట్టు పెట్టుకున్నా కొనేవాడి జేబులో పైసలుండాలి. సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నారు. భూగర్భ గనులు మూతపడ్డాయి, పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టులు వచ్చాయి, చాలా పని కంట్రాక్టుకు పోయింది. ఒక్క జీతం ఊళ్లో ఆ ఒక్క జీతమూ సగమైంది.

తాగుడు మాత్రం తగ్గలేదు, డబ్బు వెళ్లే చోటు మారింది. అవ్వ గోడ మీద గీతల డబ్బు ఆ వాడలోనే తిరిగేది. ఇప్పుడది వైన్స్ కౌంటర్ మీదుగా హైదరాబాద్ పోతోంది. 2023లో మద్యం దుకాణాల దరఖాస్తు ఫీజుల మీదే రాష్ట్రానికి 2,600 కోట్లకు పైగా వచ్చాయి. దుకాణం దక్కినా దక్కకపోయినా ఒక్కో దరఖాస్తుకు 2 లక్షలు! దీన్ని సంస్కరణ అనడానికి నాకు నోరు రావడం లేదు. పెరట్లో కుండ పెట్టుకున్న వితంతువు మీద కేసు, రోడ్డు మీద పర్మిట్ రూంకు లైసెన్సు.

అందుకే కోల్‌బెల్ట్‌లో మద్యం గురించి మాట్లాడాలంటే ఆడవాళ్ల ఉద్యోగాల గురించే మాట్లాడాలంటాను. 2019లో కేంద్రం నిబంధనలు సడలించింది. ఓపెన్‌కాస్టుల్లో రాత్రి షిఫ్టు, భూగర్భంలో పగటిపూట సాంకేతిక, పర్యవేక్షణ పనులు ఆడవాళ్లూ చేయొచ్చు. చట్టం తలుపు తీసినా కంపెనీ గేటు దగ్గర ఆడవాళ్ల వరుస కనిపించదు. డంపర్ నడపడానికి, వర్క్‌షాప్‌లో ఫిట్టర్ పనికి, కన్వేయర్ దగ్గర నిలబడడానికి మగవాడే కావాలా? కార్మికులకు కంపెనీ లాభాల వాటా ప్రకటించేటప్పుడు ఉండే పట్టింపు, గని ఊళ్ల వితంతువులకూ బిడ్డలకూ నియామకాల్లో వాటా పెట్టేటప్పుడు ఎందుకు ఉండదు? దసరాకు ముందు ఖాతాలో పడే ఆ వాటా ఎన్ని ఇళ్లకు చేరకముందే వైన్స్ దగ్గర ఖర్చయిపోతుందో కార్మిక సంఘాల నాయకులకు తెలియదా? సంఘాల ఎన్నికల్లో సొంతింటి గురించి, ఇన్‌కమ్‌ టాక్స్ గురించి హామీలు ఇస్తారు. ఆడవాళ్ల పని గురించి ఒక్క సంఘం గట్టిగా అడగదు.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. కూతురు డిగ్రీ పాసై, నోటిఫికేషన్ల కోసం చూసీ చూసీ వయసు దాటిపోయింది. ఇప్పుడు అదే ఇంటి ముందు గదిలో బెల్టు షాపు నడుపుతోంది, సీసాకు పదో ఇరవయ్యో ఎక్కువకు. మొన్న వెళ్లినప్పుడు నన్ను ఒక్కటే అడిగింది. సింగరేణిలో ఆడపిల్లలను తీసుకునే నోటిఫికేషన్ ఏదన్నా పడుతుందా అని. తన బిడ్డ ఐటీఐ రెండో ఏడాది చదువుతోందట.