నేరేడు పండు మంచిదే, ఆ మెసేజే ప్రమాదం

నేరేళ్ళు రాలే రోజులొస్తే గ్రూపుల్లో తిరిగే మెసేజ్ ఇది: ‘‘గట్ల మీద కాసే పళ్ళన్నీ మందులే. నేరేడు గింజల పొడి వాడితే షుగర్ మాత్రలు మానెయ్యొచ్చు. పిట్ట తిన్నది మనిషీ తినొచ్చు. పురుగుమందు కొట్టనివి కనుక కడగక్కర్లేదు. రేగు వడియాల్లో సి విటమిన్ ఎక్కడికీ పోదు.’’

ముందు మాత్రల సంగతి. గింజల సారం ఎలుకల్లో చక్కెర తగ్గించిన మాట నిజం. మనుషుల్లో మాత్రల బదులు పనికొస్తుందని మాత్రం తేలలేదు. మాత్ర మానేస్తే చక్కెర చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. ఇన్సులిన్ మానేస్తే కొందరికి రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. గింజల పొడిని మాత్రలతో కలిపి వాడితే చక్కెర మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు వచ్చి మీటర్లో 70 లోపు చూపిస్తే, మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి పావుగంటకి మళ్ళీ చూడండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

పైగా ఈ గింజలు మనకి దొరికేది ముసురు రోజుల్లో. గుజ్జు పూర్తిగా కడగకపోతే పైన ఎండినట్టే ఉండి లోపల చెమ్మ మిగులుతుంది. విరిస్తే పుటుక్కున విరగాలి. వంగినా, ముక్కిన వాసన వేసినా పారెయ్యండి. దంచాక బూజు కంటికి కనపడదు.

పండు హాయిగా తినండి. కానీ 100 గ్రాముల గుజ్జులో దాదాపు 14 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, షుగరున్నవాళ్ళు గుప్పెడుతో ఆపాలి. బీపీ ఉంటే ఉప్పద్దుకోవద్దు.

పిట్ట లెక్క మనకి పనికిరాదు. అది పండు మింగి గింజని నలక్కుండా వదిలేస్తుంది, మనం నములుతాం. గురివింద గింజ నమిలితే పెంకు పగిలి ఆబ్రిన్ అనే విషం బయటికొస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. వాంతులు మొదలవడానికి గంటలు పట్టొచ్చు కాబట్టి, పిల్లలు నమిలారని తెలిస్తే ఎదురుచూడకుండా ఆసుపత్రికి బయల్దేరండి. కామంచిలో కూడా నల్లగా పండినదే తినాలి. పచ్చికాయలో సొలనిన్ అనే విషం ఉంటుంది.

కడగక్కర్లేదా? వరిచేలో కొట్టిన మందు గాలికి గట్టు మీది చెట్టుకీ చేరుతుంది. నేరేడు తోలు పల్చన, కిందపడగానే చిట్లుతుంది, మట్టి లోపలికే పోతుంది. కొమ్మ కింద దుప్పటి పట్టి దులపండి. ఏప్రిల్లో కట్టేసిన కాలవకి జూన్‌లో వదిలే మొదటి నీళ్ళు చెత్తంతా మోసుకొస్తాయి, వాటిలో కడిగితే కడగనట్టే. కుళాయి ధార కింద కడగండి. గబ్బిలం కొరికిన గాటున్నది ఇంటికి తేవద్దు.

వడియాలు రుచికి తినండి. తాజా రేగులోని సి విటమిన్ దంచి ఎండబెట్టేసరికి చాలావరకు పోతుంది. ఆ విటమిన్ కావాలంటే సంక్రాంతికి దొరికే పండే తినాలి. భోగిపళ్ళు పోశాక చాపమీద పడ్డవన్నీ వెంటనే ఏరెయ్యండి, రేగు గింజ చంటిపిల్లల గొంతుకి అడ్డం పడుతుంది.