మడమ పరీక్ష

పునాది తవ్వేముందు మట్టి పరీక్ష చేయించమని ఇంజినీరు చెప్పినప్పుడు ఇల్లు కట్టుకునేవాడి మనసు ఎంత నొచ్చుకుంటుందో ఎవరూ పట్టించుకోరు. కంటికి కనబడని మట్టికి డబ్బు తగలేయాలట! అదే సొమ్ముతో ముఖద్వారానికి ఇంకా మంచి కలప వస్తుంది. వచ్చినవాళ్లు తలుపును మెచ్చుకుంటారు గానీ, 'మీ బంకమట్టి ద్రవంలా జారడం మొదలుపెట్టే తేమ, అదే ద్రవ పరిమితి, ఎంత ముచ్చటగా ఉందండీ' అని ఎవరైనా అన్నారా?

అసలు మనకు పరీక్షలకేం తక్కువ? మడమ పరీక్ష ఉండనే ఉంది. మండువేసవిలో మేస్త్రీ స్థలం నడుమ నిలబడి మడమతో రెండుసార్లు తన్ని, 'ఇది మట్టి కాదండీ, రాయి' అంటాడు. అబద్ధమేమీ కాదు. ఎండిన బంకమట్టి గునపాన్ని కూడా ఎగరగొడుతుంది. వాన పడితే అదే మట్టి కాలి చెప్పును లాగేసుకుంటుందన్న మాట ఆయన నివేదికలో ఉండదు. నివేదిక వేసవిది మరి.

ప్రయోగశాలల వాళ్ల అవస్థ చూస్తే జాలేస్తుంది. 63.5 కిలోల సుత్తిని 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, బోరు అడుగున గొట్టం దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. అందులోనూ మొదటి 15 సెంటీమీటర్లవి వదిలేసి, తర్వాతి 30 సెంటీమీటర్లవే రాసుకుంటారు. ఇంకొకాయన తడిమట్టిని అద్దం మీద అరచేత్తో దారంలా పాముతూ కూర్చుంటాడు. ఆ దారం సరిగ్గా 3 మిల్లీమీటర్ల మందానికి వచ్చి ముక్కలైతే అప్పటి తేమే ప్లాస్టిక్ పరిమితి, అంటే మట్టి విరగకుండా సాగడానికి కావలసిన కనీస తేమ. మూడో ఆయన ఆరబెట్టి జల్లించిన మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు గాజు గొట్టాల్లో పోసి, ఒకదాన్ని నీళ్లతో, రెండోదాన్ని కిరసనాయిలుతో నింపి 24 గంటలు వదిలేస్తాడు. కిరసనాయిల్లో మట్టి ఉలకదు, పలకదు. నీళ్లలో నల్లరేగడి అయితే ఉబ్బి రెట్టింపు దాటినా ఆశ్చర్యం లేదు. ఈ తేడా నుంచే ఉబ్బు సూచిక లెక్కగడతారు. పరిష్కారం నాకు అప్పుడే తట్టింది. ఇంటి చుట్టూ కిరసనాయిలు వాన కురిసేట్టు చూసుకుంటే చాలు.

పరీక్షలు చేసినవాళ్ల కట్టడాలు మాత్రం ఒరగలేదా అని అడిగేవారుంటారు. ఒరిగాయి. కెనడాలో విన్నిపెగ్ దగ్గరి ట్రాన్స్‌కోనా ధాన్యపు గిడ్డంగి 1913 అక్టోబరులో, ధాన్యం నింపుతుండగా, ఒక్క రోజులో సుమారు 27 డిగ్రీలు వాలిపోయింది. అక్కడా నేలను పరీక్షించారు, తవ్విన గుంట అడుగున చిన్న పలక మీద బరువు పెట్టి. పలక బరువు పైనున్న గట్టి పొర దాకానే పోయింది. గిడ్డంగి బరువు దాని కిందనున్న మెత్తటి బంకమట్టి దాకా పోయింది. అంటే అదీ మడమ పరీక్షే, మడమ కాస్త పెద్దది. గిడ్డంగి మాత్రం ముక్కలు కాలేదు, తర్వాత నిలబెట్టి వాడుకున్నారు కూడా. పైన కట్టినవాళ్ల పనితనానికి వంక పెట్టలేం.

నల్లరేగడికి ఒక మర్యాద ఉంది. బరువైన భవనాల జోలికి అంతగా పోదు. ఒంటి అంతస్తు ఇల్లు దొరికితే ఎత్తి చూస్తుంది. ఇంటి నడిమి మట్టిలో తేమ ఏడాది పొడవునా పెద్దగా మారదు. అంచుల్లోది వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. గోడ పక్కన చెట్టుంటే వేర్లు కూడా తమ వంతు నీళ్లు తాగుతాయి.

మొన్న ఒక పరిచయస్తుడి ఇంటికి వెళ్లాను. కిటికీ మూల నుంచి ఏటవాలుగా దిగిన బీట చివర ఆయన పెన్సిల్‌తో అడ్డగీత గీసి, పక్కన తేదీ వేస్తున్నాడు. నెలనెలా అలా గీయమని ఇంజినీరే చెప్పాడట. అప్పటికే ఆరు గీతలున్నాయి. ముఖద్వారం దగ్గర వడ్రంగి తలుపు అంచును చిత్రిక పడుతున్నాడు, ఏడాదిలో మూడోసారి. చాలా మంచి కలప.