తనిఖీ చేసేవాడు ఎవరి మనిషి?

గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్నాక, తాళాలు చేతికి రాకముందే కొత్త ఫ్లాటును డబ్బులిచ్చి ఓ నిపుణుడికి చూపించుకునేవాళ్లు హైదరాబాద్‌లో ఇప్పుడు చాలామందే ఉన్నారు. మంచి అలవాటే. అతను వస్తాడు, చిన్న కడ్డీతో టైల్స్ మీద టకటకా కొట్టుకుంటూ పోతాడు, ఎక్కడ డొల్లగా మోగితే అక్కడ కింద సిమెంటు సరిగా పరవలేదంటాడు, గోడకు చెమ్మ కొలిచే మాయిశ్చర్ మీటర్ ఆనిస్తాడు, ప్లగ్గుల్లో టెస్టర్ పెట్టి ఎర్తింగ్ ఉందో లేదో చూస్తాడు, బాత్రూమ్‌లో నీళ్లు నిలగట్టి కింది ఫ్లాటు కప్పు చెమ్మగిల్లుతుందేమో కనిపెడతాడు.

ఇంతవరకూ పేచీ లేదు. "మా వాళ్లున్నారు సార్, వాటర్‌ప్రూఫింగ్ 40 వేలల్లో చేసేస్తారు" అన్నాడూ, పేచీ అక్కడే.

ఎందుకంటే ఆ 40 వేలు మీరు పెట్టాల్సినవి కావు. ఇల్లు అప్పగించిన రోజు నుంచి 5 ఏళ్లలోపు కట్టడంలోగానీ పనితనంలోగానీ లోపం ఉందని చెబితే, బిల్డర్ 30 రోజుల్లో పైసా తీసుకోకుండా బాగుచేయాలని 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం సెక్షన్ 14 చెబుతోంది. తేదీ, ఫొటోలు ఉన్న తనిఖీ రిపోర్టు మీ చేతిలో సాక్ష్యం. దాన్ని రాసినవాడే రిపేరు కాంట్రాక్టు పట్టుకుంటే మీ హక్కు కాస్తా మీ బిల్లు అయిపోతుంది. పైగా ఆ రిపోర్టు చూపిస్తే బిల్డర్ ఊరుకుంటాడా, పని కోసమే లేని లోపాలు రాశాడంటాడు. అది అబద్ధమని ఎలా నిరూపిస్తారు?

బిల్డర్ ఆఫీసులోనో, ఫ్లాటు చూపించిన ఏజెంటు దగ్గరో నంబరు దొరికిన ఇన్‌స్పెక్టర్ది ఇంకో తంతు. 80 పేజీల రిపోర్టులో పెయింటు మరకలూ తలుపు గీతలూ బోలెడు ఉంటాయి, దూలంలో పగులు మాత్రం ఏ 47వ పేజీలోనో "గమనించదగినది" అని ఒక్క ముక్కలో ముగుస్తుంది. వచ్చే నెల ఇంకో పది ఫ్లాట్లు ఇప్పించేవాళ్లను నొప్పించడం ఎవరికి మాత్రం ఇష్టం?

ఏజెంటు రెరాలో నమోదు చేసుకోవాలి. ఫ్లాటు బాగుందని రాసిచ్చేవాడికి మాత్రం మన దగ్గర లైసెన్సు లేదు, నమోదూ లేదు. కాలిఫోర్నియాలో కూడా ఇన్‌స్పెక్టర్లకు లైసెన్సు లేదు గానీ, తనిఖీ చేసిన ఇంటికి 12 నెలల దాకా డబ్బు తీసుకుని రిపేర్లు చేయకూడదని అక్కడ చట్టమే ఉంది. అక్కడ ఇళ్లు కొన్న మనవాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. ఆ ఒక్క నిబంధన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు తేవడానికి పెద్ద కష్టమేమీ లేదని మేం అనుకుంటున్నాం.

కనపడనిది కనపడలేదని రాయడం కూడా ఈ వృత్తిలో నిజాయితీయే. థర్మల్ కెమెరా పట్టేది వేడిలో తేడానే తప్ప నీటిని కాదు, ఏప్రిల్‌లో ఎండిపోయిన గోడ మీద అది ఎన్ని రంగులు చూపించినా జులై లీకు దొరక్కపోవచ్చు. స్లాబు లోపలి ఊచలను కంటితో చూసినవాడెవడూ లేడు. "అంతా ఓకే" అని సంతకం పెట్టేవాడికన్నా "ఇది నేను చూడలేకపోయాను" అని రాసేవాడికే ఫీజు ఇవ్వండి.

నిబంధన వచ్చేదాకా డబ్బులు చెల్లించే ముందే అతని చేత ఒక కాగితం రాయించుకోండి: బిల్డర్ నుంచి, ఏజెంటు నుంచి కమీషన్ తీసుకోననీ, ఈ ఇంట్లో రిపేరు పని ముట్టుకోననీ. రాయనంటే ఇంకొకరిని వెతుక్కోండి, ముహూర్తం ఓ వారం వెనక్కి జరిగినా ఫర్వాలేదు.