కాచిన బోరు నీళ్లతో బిడ్డకు పాలు కలపొద్దు

అనంతపురంలో నీళ్ల మాట ఎత్తితే ఫ్లోరైడ్ దగ్గరే ఆగిపోతాం. గారపళ్లు, వంగిన కాళ్లు కంటికి కనిపిస్తాయి మరి. నీళ్లలో కరిగి ఉండే నైట్రేట్ అనే నత్రజని లవణానికి రంగు, వాసన, రుచి ఏవీ లేవు. అది ముందుగా దెబ్బతీసేది ఆరు నెలల లోపు బిడ్డనే.

ధర్మవరం దగ్గర ఒక ఊళ్లో చూశాను. ఇంట్లో తాగడానికి క్యాన్ నీళ్లున్నాయి. నాలుగో నెల మనవడికి డబ్బా పాలు కలపడానికి మాత్రం అవ్వ పొయ్యి మీద బోరు నీళ్లు పెట్టింది. ఆ బోరుకు పదడుగుల్లో పేడదిబ్బ, దాని పక్కనే మరుగుదొడ్డి గుంత. "ఎట్లాగూ ఉడుకు నీళ్లే కదప్పా, క్యాన్ నీళ్లెందుకు దండగ?" అంది. ఆమెను ఏమీ అనలేం. కాచి చల్లార్చి తాగమని ఇన్నేళ్లుగా మనమే నూరిపోశాం.

నైట్రేట్ దగ్గర ఆ సలహా తిరగబడుతుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి, నైట్రేట్ చావదు. ఆవిరైపోయేది నీళ్లే. లీటరుకు 80 మిల్లీగ్రాములున్న ఐదు లీటర్లు కాగి నాలుగైతే ఆ 80 కాస్తా 100 అవుతుంది. మన దేశ ప్రమాణం 45. క్లోరిన్ వేసినా, గుడ్డతో వడగట్టినా అది తగ్గదు.

పసిబిడ్డ కడుపులో ఆమ్లం తక్కువ. అక్కడి బ్యాక్టీరియా నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తుంది. అది రక్తంలోకి చేరి హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది. దాన్ని సరిచేసే ఎంజైమ్ ఆ వయసులో చాలినంత ఉండదు. పైగా నాలుగు కిలోల బిడ్డ డబ్బా పాలతో రోజుకు 600 మిల్లీలీటర్లు తాగుతుంది, అంటే కిలోకు 150. అరవై కిలోల మనిషి మూడు లీటర్లు తాగినా కిలోకు 50 దాటదు. ముదిరితే పెదాలు, గోళ్లు నీలమెక్కుతాయి, రక్తం చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. అమెరికాలోని అయోవాలో హంటర్ కామ్లీ అనే డాక్టరు బావి నీళ్లతో కలిపిన పాలు తాగిన బిడ్డల్లో దీన్ని గుర్తించి 1945లోనే రాశాడు.

మా ఊళ్లో ఏ బిడ్డా నీలమెక్కలేదు కదా అంటారు. తల్లిపాలే తాగే బిడ్డకు ఈ భయం దాదాపు లేదు, నిజమే. ఆరు నెలలదాకా చుక్క నీళ్లు కూడా అక్కర్లేదు. కానీ డబ్బా పాల బిడ్డ పెదాలు నల్లబడితే గుండె జబ్బో, న్యుమోనియానో అనుకుంటాం. ఇంటి బోరు నీళ్లు పరీక్ష చేయించారా అని అడిగేదెవరు?

అసలు ఈ నైట్రేట్ ఎక్కడిది? దిబ్బ, గుంత సరే, పొలం మాటేమిటి? 45 కిలోల యూరియా మూట 266 రూపాయల 50 పైసలు. అందులో 20 కిలోలకు పైగా నత్రజనే. పంట పీల్చుకోగా మిగిలింది నైట్రేట్‌గా మారి వానతో, తడి నీళ్లతో భూమిలోకి దిగుతుంది. 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ (ఎరువులోని పోషకాన్ని బట్టి ఇంతని సబ్సిడీ ఇచ్చి, ధర కంపెనీలకు వదిలేసే పద్ధతి) తెచ్చినప్పుడు డీఏపీ, పొటాష్‌లను అందులో చేర్చి, యూరియాను మాత్రం బయట ఉంచారు. మిగతావి ప్రియమయ్యాయి, యూరియా చవకగానే ఉండిపోయింది. రైతు చేతికందింది వేశాడు. ఇప్పుడు రైతుకు అవగాహన లేదని సభల్లో అనడం అన్యాయం. ఆ సబ్సిడీ డబ్బు ఎకరానికింత అని నేరుగా అతని ఖాతాలో వేయండి, ఏ ఎరువు కొనాలో అతనే చూసుకుంటాడు. 440 జిల్లాల భూగర్భ జలాల్లో నైట్రేట్ మితిమీరిందని కేంద్ర భూగర్భ జల మండలి 2024లో చెప్పాక కూడా ఈ ధరల విధానాన్ని ఎవరూ కదపడం లేదు.

ఈలోగా ప్రతి బోరు నైట్రేట్ అంకె అంగన్‌వాడీ గోడ మీద రాయాలి. బాలింత ఇంటికెళ్లే ఆశా కార్యకర్త దగ్గర అది ఉండాలి. ఆ రోజు అవ్వతో ఒకటే చెప్పాను: బిడ్డ పాలకు నైట్రేట్ చాలామటుకు వడకట్టేసిన ఆ క్యాన్‌లోని ఆర్వో నీళ్లే కాచు. రోజుకు లీటరు కూడా పట్టదు.